ఫౌజీల ములాఖాత్ – మాకు నేర్పిన పాఠం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి సంవత్సరం ఈ సభలో మాకు "విద్య ఆవశ్యకత" అనే అంశం ఇస్తారు. మేము చెబుతాము, మీరు ఓపిగ్గా వింటారు, పిల్లలు నిద్రపోతారు. ఈసారి కార్యదర్శిగారిని బతిమాలి అంశం మార్చుకొన్నాము. ఫౌజులో కలిసి పనిచేసి, పెన్షన్ మీద ఇంటికొచ్చి, ముప్ఫై నలభై ఏళ్ళ తరువాత మళ్ళీ కలుసుకొన్న ముసలివాళ్ళ సంగతి నాలుగు మాటలు చెప్పదలచుకొన్నాము. ఇది వాళ్ళ కథే గాని, మధ్యలో మా తప్పు ఒకటి ఉన్నది. దానిని నలుగురిలో ఒప్పుకోవాలనే ఈ అంశం ఎన్నుకొన్నాము. మేము ఉర్దూ మీడియం బడిలో పంతులము. మా తెలుగు ఎక్కడైనా తూకం తప్పితే పెద్దమనసుతో సర్దుకొనండి.

సోదరులారా! మన హైదరాబాదుకు ఫౌజు కొత్త కాదు. బస్తీల పేర్లే దానికి సాక్ష్యం. ఫస్ట్ లాన్సర్ అంటే నిజాం గారి గుర్రపు దళం ఉన్న చోటు. ఏ.సి. గార్డ్స్ అంటే ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీల దళం, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. బార్కస్ అనేది "బ్యారక్స్" అన్న మాట మన నోళ్ళలో నలిగి అయిన పేరు. అక్కడ అరబ్బు సిపాయీలు ఉండేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా దాకా పోయి వచ్చారు. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడిన మూడు విగ్రహాలు హైదరాబాదు, జోధ్‌పూర్, మైసూరు లాన్సర్ల జ్ఞాపకార్థం పెట్టినవే. 1948 సెప్టెంబరు 18న జనరల్ ఎల్ ఎడ్రూస్ జనరల్ చౌధురి ముందు లొంగిపోయిన నాటితో నిజాం ఫౌజు కథ ముగిసింది. బస్తీల పేర్లు మిగిలాయి, సిపాయీలు చెల్లాచెదరైపోయారు.

పెద్దల సంగతులు మనకు తెలుసు. మన ఊరి అబిద్ హసన్ సఫ్రానీ గారు 1943లో నేతాజీతో పాటు జలాంతర్గామిలో ప్రయాణం చేసినవారు. "జై హింద్" అనే పలకరింపు ఆయన పెట్టినదేనని చెబుతారు. ఆజాద్ హింద్ ఫౌజు తరువాత విదేశాంగ శాఖలో పనిచేసి, 1969లో రిటైరై, మళ్ళీ హైదరాబాదుకే వచ్చి 1984లో ఇక్కడే కన్నుమూశారు. ఇంకొకరు ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రీస్ హసన్ లతీఫ్ గారు. 1923లో హైదరాబాదులో పుట్టి, 1978 నుంచి 1981 దాకా భారత వైమానిక దళానికి అధిపతిగా ఉన్నారు. దేశ విభజన నాడు ఆయన తోటి అధికారులు అస్గర్ ఖాన్, నూర్ ఖాన్ మాతో రమ్మని పిలిచినా పోలేదని చెబుతారు. ఆ ఇద్దరూ తరువాత పాకిస్తాన్ వైమానిక దళాధిపతులైనారు. ఒకే మెస్సులో అన్నం తిన్న మిత్రులు రెండు దేశాల జెండాల కింద నిలబడవలసి వచ్చింది. లతీఫ్ గారు ఆ తరువాత మహారాష్ట్ర గవర్నరుగా, ఫ్రాన్సులో రాయబారిగా పనిచేసి, చివరికి ఈ ఊరికే వచ్చారు. 2018 ఏప్రిల్ 30న ఇక్కడే పరమపదించారు.

ఇవి పత్రికలలో వచ్చే సంగతులు. మరి సిపాయీ, నాయక్, హవల్దారు సంగతి ఎవరికి తెలుసు? జనరల్ గారు నిండు వయసులో రిటైరవుతారు. సిపాయీ పద్దెనిమిదో ఏట భర్తీ అవుతాడు, ముప్ఫై అయిదు, నలభై లోపల ఇంటికొస్తాడు. పదిహేనేళ్ళ సర్వీసు ఉంటేనే పెన్షన్. అప్పటికి పిల్లలు చిన్నవాళ్ళు, తల్లిదండ్రులు ముసలివాళ్ళు. ఊళ్ళో దోస్తులు అప్పటికే ఎవరి పనుల్లో వాళ్ళు స్థిరపడి ఉంటారు. పల్టన్‌లో ఒకే గుడారంలో పడుకొన్నవాళ్ళు తలా ఒక జిల్లాకు పోతారు. అప్పుడు ఫోన్లు లేవు. రెండు మూడు ఈద్ కార్డులు, సంక్రాంతికి ఒక ఉత్తరం, తరువాత అదీ ఆగిపోతుంది.

మా మామూజాన్ అటువంటివారే. అమ్మకు అన్నగారు. 1969లో భర్తీ అయి, సికింద్రాబాదు ఇ.ఎం.ఇ. సెంటర్‌లో తర్ఫీదు పొంది, బండ్ల మెకానిక్‌గా పద్దెనిమిదేళ్ళు చేసి, 1987లో ఇంటికొచ్చారు. ఇ.ఎం.ఇ. అంటే ఫౌజులో బండ్లు, తోపులు, యంత్రాలు బాగుచేసే దళం. 1971 యుద్ధంలో ఆయన వర్క్‌షాపు రాజస్థాన్ ఎడారిలో, బాడ్‌మేర్ వైపు ఉండేది. శక్తిమాన్ లారీలు ఇసుకలో ఇరుక్కుపోతే, దీపం వెలిగించరాదు గనుక చీకట్లో చేతి తడుముతోనే నట్లు విప్పేవారట. ఫౌజు నుంచి వచ్చిన తరువాత ఆర్.టి.సి. దిల్‌సుఖ్‌నగర్ డిపోలో మెకానిక్‌గా ఇంకో ఇరవై ఏళ్ళు పైన చేశారు. ఇద్దరు కొడుకులూ జిద్దాలో ఉన్నారు. మామీజాన్ పోయిన తరువాత ఇంట్లో ఒంటరివారు. మేము వారానికి ఒకసారి పోయి మందులిచ్చి వచ్చేవారము. అంతటితో మా బాధ్యత తీరిందనుకొనేవారము.

ఒక మాట చెప్పాలి. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు బాంబులు పేలి అమాయకులు ప్రాణాలు పోగొట్టుకొన్న సంగతి మీలో ఎవరూ మరచిపోలేదు. ఆ మరుసటి రోజు నుంచి మామూజాన్ బజారుకు పోయేటప్పుడు షేర్వానీ పై జేబులో మాజీ సైనికుడి కార్డు పెట్టుకొని పోవడం మొదలుపెట్టారు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చూపించలేదు. అయినా ఆ కార్డు లేకుండా గల్లీ దాటేవారు కాదు. పద్దెనిమిదేళ్ళు దేశానికి చాకిరీ చేసిన మనిషి తరకారీకి పోవడానికి జేబు తడిమి చూసుకొంటుంటే మాకు కడుపులో తిప్పినట్లయ్యేది. కాని ఆయనతో ఆ మాట ఎత్తే ధైర్యం మాకు లేకపోయింది.

ఇక 2022 నవంబరు సంగతికి వద్దాము. నవంబరు అంటే పెన్షనర్లకు హాజరీ నెల. మేము బతికే ఉన్నామని రుజువు చూపితేనే పెన్షన్ సాగుతుంది. దానినే లైఫ్ సర్టిఫికెట్ అంటారు. ఇప్పుడు కాగితం బదులు వేలిముద్ర యంత్రం వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌కు మామూజాన్‌ను తీసుకొనిపోయాము. అక్కడ కుర్రవాడు "తాతా, మళ్ళీ పెట్టండి, మళ్ళీ పెట్టండి" అంటున్నాడు. ఒక వేలు కాదు, పది వేళ్ళూ పెట్టినా యంత్రం ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళు పానాలు, గ్రీజు, పెట్రోలు పట్టిన చేతులు. గీతలు ఎప్పుడో అరిగిపోయాయి.

అప్పుడు వరుసలో వెనక నుంచి ఒకాయన అన్నారు: "బాబూ, మెకానిక్ వేళ్ళు గట్లనే ఉంటయి. నావీ రావు. ఆ ముఖం ఫోటో తీసే దాంట్లో చూడు."

మామూజాన్ గిర్రున తిరిగారు. మనిషిని చూడలేదు, గొంతు విన్నారు. "నల్లగొండ!" అన్నారు.

ఫౌజులో పేరు కంటే జిల్లా పేరే ఎక్కువ నడుస్తుందట. ఆయన నల్లగొండ, మా మామూజాన్ హైదరాబాదు. ఆయన ఒక్క క్షణం చూసి, "అరే హైదరాబాద్! ఉస్తాద్, నువ్వు ఇంక బతికే ఉన్నవా?" అన్నారు. మామూజాన్, "అదే కదా ఇక్కడ మిషన్ ఒప్పుకొంటలేదు!" అన్నారు. వరుసలో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఇద్దరు డెబ్బై దాటిన మనుషులు అందరిముందూ కావలించుకొని ఎంతసేపటికీ వదలలేదు. మేము చేతిలో ఆధార్ కార్డు పట్టుకొని పక్కన నిలబడిపోయాము.

ఆ రోజు ఇరానీ హోటల్లో రెండు గంటలు కూర్చున్నారు. నాలుగు చాయ్‌లు, ఒక ప్లేటు ఉస్మానియా బిస్కెట్లు. మేము వింటూ ఉన్నాము. మొదట అరగంట బండ్ల ముచ్చటే. జోంగా ఎక్కడ ఆగిపోయింది, ఏ శక్తిమాన్‌కు గేర్‌బాక్స్ దిగింది, లంగర్‌లో పప్పులో ఇసుక ఎంత పడేది. తరువాత ఇల్లూ పిల్లలూ. నల్లగొండ ఉస్తాద్ ఫౌజు వదిలి మూడేళ్ళు సొంత ఊళ్ళో సేద్యం చేశారు. బోరు ఎండిపోయి, అప్పయి, పట్నం వచ్చి ఒక బ్యాంకు ముందు తుపాకీ పట్టుకొని ఇరవై ఏళ్ళు నిలబడ్డారు. ఎల్.బి.నగర్‌లో చిన్న ఇల్లు కట్టుకొన్నారు. కొడుకు అమెరికాలో డల్లాస్‌లో ఉన్నాడు. భార్య పోయి ఆరేళ్ళు. "నీ కొడుకులు జిద్దా, నా కొడుకు డల్లాస్. మన ఇద్దరినీ మళ్ళా ఒక్క గుడారంల ఏసిండు దేవుడు" అన్నారాయన. మామూజాన్ నవ్వలేదు. కప్పులో చూస్తూ ఊరుకొన్నారు.

దిల్‌సుఖ్‌నగర్‌కు ఎల్.బి.నగర్ ఎంత దూరం? 2018 సెప్టెంబరులో మెట్రో వచ్చిన తరువాత మధ్యలో రెండు స్టేషన్లు: చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్. అంతే. అంత దగ్గరలో ఉండి ఈ ఇద్దరూ ముప్ఫై ఏళ్ళు ఒకరికొకరు తెలియకుండా బతికారు. ఒకే బజారులో మామిడిపండ్లు కొన్నారు, ఒకే ట్రాఫిక్‌లో నిలబడ్డారు.

చాయ్ అయిపోయే వేళకు నల్లగొండ ఉస్తాద్ అడిగారు: "కర్నూల్ యాడున్నడు?"

మామూజాన్, "నీకే తెలుసనుకొన్నాను" అన్నారు. ఆయన, "నేను నీకు తెలుసనుకొన్న" అన్నారు. ఇద్దరూ ఊరుకొన్నారు.

సోదరులారా! ఫౌజులో "గిన్తీ" అని ఒకటుంది. సాయంత్రం అందరినీ వరుసగా నిలబెట్టి లెక్కపెడతారు. మామూజాన్ మాకు చెప్పారు: గిన్తీ అనేది వచ్చినవాళ్ళ కోసం కాదు, రానివాళ్ళ కోసం. ఒకడు తక్కువైతే, వాడు ఎక్కడున్నాడో తేలేదాకా ఎవరికీ సెలవు లేదు. వర్క్‌షాపులో వీళ్ళు ముగ్గురు ఒకే సెక్షన్. హైదరాబాద్, నల్లగొండ, కర్నూల్. ఎడారిలో ముగ్గురూ ఒక కంబళి కింద పడుకొన్నవారు. ఆ మూడో మనిషి 1984లో పెన్షన్ మీద పోయాడు. అటుపై ఏ కబురూ లేదు.

ఇక్కడ మా తప్పు చెప్పవలసి ఉన్నది.

ఆ రాత్రి మామూజాన్ ఇంట్లో పాత ట్రంకు తీసి మెడల్స్ చూపించారు. అందులో 1971 యుద్ధానికి ఇచ్చిన సంగ్రామ్ మెడల్ ఉన్నది. మేము దానిని చేతిలోకి తీసుకొన్నాము. మెడల్ అంచున చిన్న అక్షరాలతో నంబరు, హోదా, పేరు చెక్కి ఉన్నాయి. అది చూడగానే మాకు ఒళ్ళు జల్లుమన్నది. ఇటువంటి మెడలే మేము ఇంతకు ముందు చూశాము. 2020 జనవరి 26 నాడు మా బడిలో ఆరో తరగతి పిల్లవాడు ఒకడు చొక్కాకు ఇది తగిలించుకొని వచ్చాడు. "మా నానాది సార్, జంగ్‌ది" అన్నాడు. మేము ఏమన్నాము? "బజారు బొమ్మలు బడికి తేకూడదు, తీసి జేబులో పెట్టుకో" అన్నాము. జెండా ఎగరేసే తొందరలో ఉన్నాము. పిల్లవాడు మారు మాట్లాడకుండా తీసి జేబులో పెట్టుకొన్నాడు. ఆ సంగతి అక్కడితో మరచిపోయాము. ఆ రోజు అంచు తిప్పి చూసి ఉంటే, ఒక్క ప్రశ్న అడిగి ఉంటే... ఇరవై ఏళ్ళ పంతులు ఉద్యోగంలో మాకు ఇంత సిగ్గుచేటు మరొకటి లేదు.

మరునాడు పిల్లవాడిని పిలిచాము. అప్పటికి తొమ్మిదో తరగతికి వచ్చాడు. "నీ నానా ఏ ఊరివారు?" అన్నాము. "కర్నూల్ సార్" అన్నాడు.

ఆ ఆదివారం ముగ్గురం పోయాము. ఎల్.బి.నగర్ చౌరస్తాకు నడిచిపోయేంత దూరంలో బస్తీ. ఒక్క గది, ముందు రేకుల పందిరి. కర్నూల్ ఉస్తాద్ ఫౌజు వదిలి లారీ డ్రైవరుగా చేసి, చూపు తగ్గిన తరువాత అపార్ట్‌మెంటులో రాత్రి కాపలా చేసి, 2018లో పోయారు. ఆ అపార్ట్‌మెంటు నల్లగొండ ఉస్తాద్ ఇంటికి మూడు గల్లీల అవతల. ఆయన ఆ ముందు నుంచి రోజూ పాల ప్యాకెట్టుకు పోయేవారట. ఆ మాట విని ఆయన గోడకు ఆనుకొని కూర్చున్నారు. చాలాసేపు లేవలేదు.

కర్నూల్ ఉస్తాద్ భార్య కూతురు దగ్గర ఉన్నారు. కంటికి శుక్లం వచ్చి దాదాపు చూపు లేదు. మామూజాన్ అడిగారు, "భాభీ, ఫ్యామిలీ పెన్షన్ వస్తున్నదా?" ఆమె, "వారి పెన్షన్ వారితోనే పోయింది కదా భాయిసాబ్" అన్నారు. నాలుగేళ్ళుగా ఆమెకు రావలసిన డబ్బు రావడం లేదు. అది తనకు హక్కుగా వస్తుందని కూడా తెలియదు. అల్లుడు ఒకసారి కాగితాలు పట్టుకొని పోయాడట; పేరు కలవడం లేదని చెబితే తిరిగి వచ్చేశాడు. మళ్ళీ పోలేదు.

పేరు ఎందుకు కలవలేదో చూడండి. ఫౌజు కాగితంలో ఆమె పేరు చివర "బీ" అని ఉన్నది. ఆధార్‌లో "బేగం" అని ఉన్నది. రేషన్ కార్డులో ఈ రెండూ లేవు. భర్త పేరు ఒక చోట పూర్తిగా, ఒక చోట రెండు పొడి అక్షరాలతో. ఇది ఒక్క ఇంటి సంగతి కాదు, మనందరి ఇళ్ళలో ఉన్నదే. మా పిల్లలకు మేము చెబుతుంటాము: ముహమ్మద్ అనే పేరు ఉర్దూలో నాలుగే అక్షరాలు, మీమ్, హే, మీమ్, దాల్. తప్పు రాయడానికి వీలే లేదు. ఇంగ్లీషులోకి పోయేసరికి అది అయిదారు రకాలవుతుంది. షేక్ అనేది మూడు రకాలు. మనకు అన్నీ ఒకటే. కంప్యూటర్‌కు అన్నీ వేర్వేరు మనుషులు.

ఇక ముసలివాళ్ళిద్దరూ పని మొదలుపెట్టారు. ఆ ఇంట్లో ఇనుప పెట్టె వెతికితే డిశ్చార్జ్ బుక్కు దొరికింది, పి.పి.ఓ. అనే పెన్షన్ ఉత్తరువు దొరికింది. అడుగున మడతలు చిరిగిపోయిన సియాహనామా, అంటే కాజీగారి నికాహ్ పత్రం. కర్నూలులో 1976లో రాసినది, అంతా ఉర్దూలో. దానిని ఆ ఇంట్లో చదివేవారు లేరు. మా ఉద్యోగం అప్పుడు పనికివచ్చింది. చేతిరాత ఉర్దూ చదివి, ఇంగ్లీషులోకి దించి, నోటరీ చేయించాము. ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని ప్రమాణపత్రం రాయించాము. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం వారు అర్జీ ఎట్లా పెట్టాలో చెప్పారు. దానికి రుసుము ఏమీ లేదు.

సికింద్రాబాదులో రికార్డ్స్ ఆఫీసుకు పోయిన రోజు చెప్పాలి. ఫౌజులో చేరినవాడి పెళ్ళి, బిడ్డల పుట్టుక అన్నీ "పార్ట్ టూ ఆర్డర్" పేరుతో అక్కడ నమోదై ఉంటాయి. ఇద్దరూ బ్లేజర్లు తొడిగి, మెడల్స్ పెట్టుకొని, ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి, ఎం.జి.బి.ఎస్.లో మారి, పరేడ్ గ్రౌండ్‌లో దిగారు. వెనకాల మేము ఫైలు మోసుకొని పోయాము. అక్కడ కుర్ర హవల్దారు "మృతుని నంబరు?" అని అడిగాడు. మేము ఫైలు తిప్పుతున్నాము. ఈలోగా నల్లగొండ ఉస్తాద్ అటెన్షన్‌లో నిలబడి, నంబరు మొత్తం గడగడ చెప్పేశారు. తన నంబరు కాదు, కర్నూల్ నంబరు. యాభై ఏళ్ళ నాడు గిన్తీలో పక్కన నిలబడి విన్నది. ఆ హవల్దారు లేచి ఇద్దరికీ కుర్చీలు వేశాడు. పేరుకు పది స్పెల్లింగులు ఉంటాయి గాని నంబరుకు ఉండవు. ఆ నంబరు మీదనే పాత నమోదు బయటపడింది. అందులో నికాహ్ తేదీ సియాహనామాతో సరిపోయింది.

అయినా వెంటనే కాలేదు. ఒక కాగితం తిరిగి వచ్చింది, మళ్ళీ పంపాము. పదకొండు నెలలు పట్టింది. 2023 చివరలో మంజూరు ఉత్తరువు వచ్చింది, పాత బకాయితో సహా. ఇ.సి.హెచ్.ఎస్. అనే మాజీ సైనికుల వైద్య పథకం 2003 నుంచి ఉన్నది. ఫ్యామిలీ పెన్షన్ వచ్చిన తరువాత ఆమెకు అందులోనూ కార్డు వచ్చింది. ఒక కంటికి ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన తరువాత ఆమె అడిగి చూసిన మొదటి వస్తువు ఆ మెడల్.

2024 జనవరి 26 నాడు ఆ పిల్లవాడిని మెడల్ తెమ్మన్నాము. పదో తరగతి అయిపోయేవాడు, మీసాలు వస్తున్నాయి, సిగ్గుపడ్డాడు. బడి పిల్లలందరి ముందు మేమే వాడి చొక్కాకు తగిలించి, "నాలుగేళ్ళ క్రితం తప్పు మాట అన్నాము, మాఫ్ చెయ్యి బేటా" అన్నాము. వాడు "పర్వాలేదు సార్" అన్నాడు. పిల్లలు మన కంటే త్వరగా క్షమిస్తారు. వెనక వరుసలో ఇద్దరు ముసలివాళ్ళు సెల్యూట్‌లో నిలబడి ఉన్నారు.

సభాసదులారా! ఇదంతా ఎందుకు చెప్పామంటే, మనం కలిసినప్పుడు "ఖైరియత్?" అంటాము, "అల్‌హమ్‌దులిల్లాహ్" అంటాము, చాయ్ తాగి విడిపోతాము. పాత దోస్తులు కలిసి పాత ముచ్చట్లు చెప్పుకోవడం మంచిదే. కాని "ఎవరు రాలేదు?" అని కూడా అడగాలి. ఆ ప్రశ్న అడగకపోతే ఆ ములాఖాత్ సగమే. ఆ ఒక్క ప్రశ్న వల్ల ఒక విధవరాలి ఇంట్లో పొయ్యి వెలిగింది.

కాబట్టి సంఘానికి మా విన్నపములు కొన్ని. మొదటిది, ఫౌజులో చేసినవారు ఎవరైనా ఉంటే, మీ డిశ్చార్జ్ బుక్కు, పి.పి.ఓ. ఎక్కడున్నవో ఈ రాత్రే మీ ఇంటివారికి చూపించండి. మీ భార్య పేరు అందులోనూ ఆధార్‌లోనూ ఒకే తీరుగా ఉన్నదా చూడండి. మీరు బతికి ఉండగా దిద్దుకొంటే ఒక అర్జీ. పోయిన తరువాత అయితే ఏడాది తిరుగుడు. రెండవది, పెన్షన్‌కు సరిపోయే సర్వీసు లేక ఉత్త చేతులతో వచ్చినవారు, వారి భార్యలు, అరవై అయిదు దాటి కష్టంలో ఉంటే, హవల్దారు హోదా వరకు నెల నెలా సహాయం ఇచ్చే కేంద్ర పథకం ఉన్నది. సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. అది భిక్ష కాదు. 1949 నుంచి డిసెంబరు 7న మనం జెండా దినం నాడు వేసే రూపాయలు ఇటువంటి వారి కోసమే.

మూడవది మా పంతుళ్ళకు చెప్పుకొంటున్నాము. బడి అడ్మిషన్ రిజిస్టరులో పేరు రాసేది మేమే. తొందరలో మేము రాసిన స్పెల్లింగు ఆ బిడ్డను చావు దాకా వెంటాడుతుంది, చచ్చిన తరువాత భార్యను వెంటాడుతుంది. తల్లిదండ్రులారా, పుట్టిన సర్టిఫికెట్ తీసుకొని రండి, పేరు ఒకే తీరుగా రాయించండి, రాసిన తరువాత చదివించుకొనండి.

నాలుగవది యువకులకు. 2022 నుంచి అగ్నిపథ్ వచ్చింది. నాలుగేళ్ళ సర్వీసు, ఆ తరువాత నూటికి ఇరవై అయిదుగురి వరకే ఫౌజులో కొనసాగుతారు. మిగిలినవారు ఒక మొత్తం డబ్బుతో, పెన్షన్ లేకుండా చిన్న వయసులోనే ఇంటికొస్తారు. దాని మంచి చెడ్డలు ఈ వేదిక మీద మేము చెప్పబోము. ఒక్కటి మాత్రం చెబుతాము. పక్క మంచం మీద పడుకొన్నవాడి ఊరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా ఒక నోటుబుక్కులో రాసుకొనండి. ఫోను పోతుంది, నంబరు మారుతుంది, ఊరు మారదు.

చివరిగా ఒక కబురు. ఇప్పుడు ప్రతి నెల మొదటి ఆదివారం దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ ఇరానీ హోటల్లోనే ఆ ఇద్దరూ కూర్చుంటున్నారు. మెల్లగా ఇంకో నలుగురు చేరారు. మామూజాన్ దగ్గర గీతల కాగితాల పుస్తకం ఒకటి ఉన్నది. తమ వర్క్‌షాపులో పనిచేసిన తెలుగువాళ్ళ పేర్లు పదకొండు అందులో రాశారు. ఏడుగురి సంగతి తెలిసింది. వారిలో ముగ్గురు లేరు. నలుగురి పేర్ల ముందు ఇంకా ఖాళీ ఉన్నది. మీ గల్లీలో ఏ ఇంటి గోడకైనా వర్దీ తొడిగిన పాత ఫోటో కనిపిస్తే, తలుపు తట్టి అడగండి. వచ్చి మాకు చెప్పండి, మేము మామూజాన్‌కు చేరవేస్తాము. ఇంకొక సంగతి. ఆయన ఇప్పుడు తరకారీకి పోయేటప్పుడు జేబులో కార్డు ఉన్నదో లేదో చూసుకోవడం మరచిపోతున్నారు. జేబులో ఆ గీతల పుస్తకమే ఉంటున్నది.